చట్నీ కోసం కప్పుకి బెజ్జం

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చి, ఆవుని మేపడానికి పెళ్లి చేసుకున్న సన్యాసి కథ మనందరికీ తెలిసిందే. ఆయనే ఈ కాలంలో అమెరికాలో ఉండి ఉంటే కచ్చితంగా క్యాంపర్ వ్యాను కొనేవాడు. సంసారం గొడవలు వదిలి నాలుగు రోజులు రోడ్డెక్కుదామని మొదలై, సంసారాన్నంతా ఒక రేకు డబ్బాలోకి ఎక్కించేదాకా ఆగని వ్యవహారం అది.

మాది సెకండ్‌హ్యాండ్ ఫోర్డ్ ట్రాన్సిట్. అసలైతే సరుకులు మోసే బండి. ఎత్తు కప్పు మోడల్ కనుక లోపల నిటారుగా నిలబడొచ్చు. డాలస్‌లో మా ఇంటి ముందు నిలబెట్టి, శని ఆదివారాల్లో మేమే చెక్కలు కోసుకుని, మంచం బిగించుకుని, అరలు కట్టుకుంటున్నాం.

చిక్కంతా పల్లీ చట్నీతో వచ్చింది. చట్నీకి మిక్సీ కావాలి. 550 వాట్ల మిక్సీ ఇంట్లో 110 వోల్టుల ప్లగ్గు నుంచి 5 ఆంపియర్లు తీసుకుని తన పని చేసుకుపోతుంది. వ్యానులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. అదే పనికి దాని నుంచి 46 ఆంపియర్లు లాగాలి. ఇన్వర్టరు తినేసేది కూడా కలిపితే 50 దాటుతుంది. మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ. అంత కరెంటుకి సన్న వైరు వేడెక్కిపోతుంది కాబట్టి లావుపాటి రాగి కేబులు వెయ్యాలి. ఆ కేబులు బండి కుదుపులకి రేకుకి ఒరుసుకుని షార్టయితే నిప్పే. అందుకని బ్యాటరీని ఆనుకునే ఫ్యూజు ఉండాలి. ఇక బ్యాటరీ. మామూలు లెడ్ యాసిడ్‌దైతే సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే దాదాపు అంతా వాడుకోవచ్చు గానీ, సున్నా డిగ్రీల కంటే చల్లబడినప్పుడు దానికి చార్జింగ్ పెట్టకూడదు, లోపల దెబ్బతింటుంది. చార్జింగ్‌కి సోలార్ పలక, పలకకి కప్పు మీద చట్రం, చట్రానికి బెజ్జాలు, బెజ్జాలున్న చోటల్లా వాన నీరు. చట్నీ దగ్గర బయల్దేరి వాన నీటి దాకా వచ్చాం.

తమాషా ఏమిటంటే, మిక్సీ మూడు నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు 28 వాట్-అవర్లు కూడా ఉండదు. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో 1280 దాకా ఉంటాయి. నలభై సార్లు చట్నీ చేసుకోవచ్చు. మిక్సీ తినేది కాస్తే, కానీ ఆ కాస్తా ఒక్క గుక్కలో కావాలంటుంది. డబ్బంతా పోసేది ఆ గుక్క కోసం.

కాగితం మీద నేను వేసిన ఈ లెక్కంతా మా ఆవిడ ఓపిగ్గా చూసింది. "కందిపొడి పట్టుకెళితే పోయేదానికి కప్పుకి బెజ్జాలెందుకండీ?" అంది.

జవాబు లేదు. కందిపొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి, ఆవకాయ: వోల్టులతో పని లేకుండా వారాల తరబడి దారి పొడుగునా ఆదుకునే సరంజామా మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. పెద్ద ఇన్వర్టరు జాబితాలోంచి పోయింది. ఫ్రిజ్ మాత్రం ఉంది. అది 12 వోల్టుల కంప్రెసరుది, నేరుగా బ్యాటరీ మీదే నడుస్తుంది. దాని ఆకలి చిన్నది, సోలార్ అక్కర్లేదు. బండి నడుస్తున్నప్పుడు ఇంజను నుంచే బ్యాటరీ నిండుతుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ కోరికకైనా ఒకటే పరీక్ష: దీనికి కప్పుకి కొత్త బెజ్జం పడుతుందా? పడేటట్టయితే అది లేకుండా బతకలేమని రుజువు చెయ్యాలి. ఈ పద్ధతి కొత్తదేం కాదు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ 1950ల మొదట్లో ఫోక్స్‌వాగన్ వ్యాన్ల కోసం చేసిన క్యాంపింగ్ బాక్సు ఊడదీసి పక్కన పెట్టుకునే సామానే. వారమంతా బండి బరువులు మోసేది, సెలవు రోజున ఇల్లయ్యేది.

పరీక్షలో నెగ్గిన బెజ్జం ఒక్కటే, గాలి ఫ్యాను. ఇద్దరు మనుషులు తలుపులు వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి వాళ్ల ఊపిరి తడే అద్దాల మీంచి కారుతుంది. ఆ తడి చెక్క వెనక్కి చేరితే బూజు, రేకు మీద చేరితే తుప్పు. దానికి తోడు మాది పోపు పెట్టే వంట. కొలిచి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, 14 అంగుళాల చదరం కోశాం. ఆకురాయితో అంచులు నునుపు చేసి, పచ్చి రేకు కనబడకుండా ప్రైమరు పూసి, ఫ్యాను చట్రం కింద బ్యూటైల్ టేపు పరిచి, స్క్రూలు బిగించి, తలల మీద సీలెంటు పోశాం. మామూలు సిలికాన్ దగ్గరికి మాత్రం పోలేదు. రేపు మరమ్మతు చెయ్యాలంటే దాని మీద ఇంకేదీ అంటదు.

వేసవికి మా మామగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆర్టీసీ గ్యారేజీలో పని చేసి రిటైరైన మనిషి. ఫ్యాను, ఫ్రిజ్, దీపాలు అన్నీ చూపించాను. "బావుంది" అని తిన్నగా వెనక చక్రం దగ్గరికెళ్లి కూర్చున్నారు.

"అల్లుడుగారూ, టైరు పుట్టిన తేదీ చూశారా?"

"గ్రిప్పు బాగానే ఉంది కదండీ మామయ్యగారూ!"

"గ్రిప్పు అరిగేది తిరిగే బండికి. నిలబడే బండికి రబ్బరు ముసలిదైపోతుంది."

టైరు పక్కన డీఓటీ అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చదివించారు: 2214. 2014లో 22వ వారం. పదేళ్లు దాటితే గ్రిప్పు ఎంతున్నా మార్చెయ్యమని టైరు కంపెనీలే చెబుతాయి. టైర్లు మార్చాం. ఆ తర్వాత ఆయన గ్యాస్ గొట్టం అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు రాశారు. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకే దాన్ని పసిగట్టే అలారం నేలకి దగ్గరగా ఉంటుంది. కుదుపులకి వదులైన స్క్రూలు వెతికారు, కప్పెక్కి సీలెంటు పగుళ్లు తడిమారు. చలికాలం ముందు నీళ్లు ఖాళీ చేసే కుళాయి ఎక్కడుందో అడిగారు. మంచైతే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు ఇళ్లలోనే పైపులు పగిలాయి, వ్యానులో సన్న గొట్టాలు ఎంత?

కొత్తది బిగిస్తే పిలిచి చూపించుకుంటాం. పాతది ఊడిపోకుండా ఉన్నందుకు ఎవరినీ పిలవం. బండి గమ్యం చేరడం మాత్రం రెండో దాని వల్లే.

ఈ మధ్య మా ఆవిడ ఇడ్లీ పాత్ర కూడా వ్యానులో పెడదామంటోంది. టెక్సాస్ ఎండకి పిండి పులవడానికి ఢోకా లేదు, కాకపోతే గిన్నెలో సగమే పోయాలి, లేదంటే మొదటి మలుపులోనే మంచం మీదికొస్తుంది. పొయ్యి ఉంది, ఆవిరికి ఫ్యాను ఉంది, నంజుకోవడానికి కందిపొడి ఉంది. కప్పుకి కొత్త బెజ్జం అక్కర్లేదు. ఇడ్లీ పాసైంది.