సర్రీ కొండలపై బైసికిలు బాట

లండను నగరమునకు నైరృతి దిక్కున, ఒక పూట ప్రయాణపు దూరములో, సర్రీ కొండలనబడు మిట్టపల్లముల సీమ కలదు. మన తూర్పుకనుమలను చూచిన కన్నులకు ఇవి కొండలుగా తోచుటయే కష్టము. అన్నిటికంటె నెత్తైన లీత్ కొండ 294 మీటర్లు మాత్రమే. అయినను అంతటి మహానగరపు వాకిటనుండియు అడవులును, గడ్డిబయళ్ళును, పల్లెలును చెడక నిలిచియుండుట వీని ప్రత్యేకత. 1958వ సంవత్సరమున ప్రభుత్వమువారు సుమారు 420 చదరపు కిలోమీటర్ల నేలను ప్రకృతిసౌందర్య రక్షణకై ఇచ్చట ప్రత్యేకించిరి. ఆదివారము వచ్చినచో ఈ దారులన్నియు బైసికిళ్ళమయము. తొక్కువారిలో పడుచులును కలరు, తల నెరసిన యమ్మలును కలరు.

ఈ బాటను మన సోదరీమణులకు తెలుపవలెనని తలంచుటకు కొండల యందమొక్కటే కారణము కాదు. బైసికిలెక్కి వచ్చిన స్త్రీకి భోజనశాల తలుపు తెరువవలయునా, వలదా యను తగవు న్యాయస్థానము వరకు పోయినది ఈ త్రోవమీదనే.

లండనునుండి పోర్ట్స్‌మౌత్ రేవునకు పోవు పాత రాచబాటపై సుమారు 40 కిలోమీటర్లు పోయినచో రిప్లీ యను గ్రామము వచ్చును. 1880 మొదలు శతాబ్దాంతము వరకు నగరపు బైసికిలువారికి ఈ రిప్లీబాటయే తీర్థయాత్ర. ఊరిలోని ‘యాంకర్’ అను పూటకూళ్ళయింటిని డిబుల్ కుటుంబపు స్త్రీలు నడుపుచు, దుమ్ముగొట్టుకొని వచ్చినవారిని ఆదరించి అన్నపానము లిచ్చుచుండిరి. నాటి చదునైన దారి నేడు మోటారుకార్లతో క్రిక్కిరిసినది గనుక, తెలిసినవారు ప్రక్కబాటలనే పట్టి పోవుదురు.

రిప్లీ సమీపముననే ఓకమ్ అను పల్లె యున్నది. అచ్చటి ‘హాట్‌బాయ్’ హోటలునకు 1898వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన లేడీ హార్బర్టన్ అను నేబదియేండ్లు దాటిన దొరసాని బైసికిలుపై వచ్చి మధ్యాహ్నభోజన మడిగెను. ఆనాటి ఆంగ్ల స్త్రీలు నేలజీరాడు బరువైన పరికిణీలు ధరించెడివారు. వానితో బైసికిలు తొక్కుట ప్రాణములతో చెలగాటము. చీరచెంగు చక్రములో చిక్కినప్పటి గుండెదడ ఎరిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు. ఆమె 1881లోనే స్త్రీల వేషసంస్కరణకై సంఘమును స్థాపించి అధ్యక్షురాలైనది. నాడు తాను చెప్పిన వేషమునే, అనగా మోకాళ్ళ క్రింద బిగించిన వదులు సల్లాడమును, దానిపై పొడవైన కోటును తొడుగుకొని వచ్చెను. హోటలు యజమానురాలు ఆమెను చూచి, ఆ వేషముతో కాఫీగదిలోనికి రాగూడదనియు, కావలసినచో మద్యము త్రాగువారి గదిలో వడ్డింతుననియు చెప్పెను. పొగతోను సారావాసనతోను నిండి, మగవారు కూర్చుండి త్రాగుచున్న ఆ గదిలో తినుటకు దొరసాని ఒప్పుకొనక వెడలిపోయెను.

సైకిలు యాత్రికుల సంఘమువా రామె పక్షమున వ్యాజ్యెము వేసిరి. బాటసారికి అన్నము లేదనుట హోటలువారికి ఆ దేశపు చట్టరీత్యా నేరము. 1899 ఏప్రిలులో కింగ్‌స్టన్ పట్టణమున విచారణ జరిగినది. అన్నము పెట్టనని నేననలేదు, గది మాత్రమే మార్చితినని యజమానురాలి వాదము. జూరీవా రామెను నిర్దోషిగా తేల్చిరి. చట్టము అన్నము పెట్టుమనెను గాని ఎచ్చట పెట్టవలెనో చెప్పలేదు కాబోలు! పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డించుటయు, పెరటి వసారాలో విస్తరి వేయుటయు ఒక్కటి కావని మనకు మాత్రము ఒకరు చెప్పవలసిన పనిలేదు. వ్యాజ్యెము ఓడినను పత్రికలలో కథ ప్రాకి, ఇంటింట చర్చ నడచినది. సల్లాడము తొడిగిన స్త్రీలు మరి దాగి తిరుగవలసిన వింతప్రాణులు కారైరి.

ఓకమ్ దాటి దక్షిణముగా పోవగా అసలు కొండ మొదలగును. ఉత్తరపు వరుస అంతయు సుద్దనేల. దున్నిన చేలలో తెల్లని మన్నును, చెకుముకిరాళ్ళును కనబడును. వాననీరు వెంటనే లోనికి ఇంకిపోవుటచే పైన వాగులుండవు. ఈ వరుస కొనపై న్యూలండ్స్ కార్నరను చోటు కలదు. అపరాధపరిశోధక నవలలు వ్రాసిన అగాథా క్రిస్టీ 1926 డిసెంబరులో కనబడకుండ పోయినప్పుడు, ఆమె కారు దొరకినది దీనికి సమీపముననే. పోలీసులు అడవులు, కొలనులు గాలించిరి. ఆమె పదునొకండు దినముల తరువాత ఎక్కడో ఉత్తరదేశపు హోటలులో క్షేమముగా నుండెను!

అచ్చటినుండి దిగిన లోయలో టిల్లింగ్‌బోర్న్ అను చిన్న యేరు పారును. షీర్ గ్రామము చూడముచ్చటైనదే గాని జనసమ్మర్ద మెక్కువ. ఏబింజర్ హామర్ అను పల్లెలో, పూర్వ మచ్చట ఇనుము కొట్టెడి కొలుములకు గురుతుగా, రోడ్డుపైకి చాచిన గడియారములో నొక కమ్మరిబొమ్మ సుత్తితో గంటను కొట్టును. నాకు ఇంతకంటె నచ్చునవి దీనికి దక్షిణమున ఇసుకరాతి కొండ నెక్కు సన్నని బాటలు. వందలయేండ్ల బండ్లరాకపోకలచేతను, వాననీటిచేతను మెత్తని రాయి అరిగి, బాట నేలలోనికి దిగిపోయినది. ఇరుప్రక్కల మనిషియెత్తుకు మించిన గట్లు. గట్ల నుండి పాములవలె వ్రేలాడు చెట్లవేళ్ళు. మీద కొమ్మల పందిరి. మిట్టమధ్యాహ్నముననైన చల్లగా, చీకటిగా నుండును. ఎండుటాకులు తడిసియున్నచో చక్రము జారును. దిగునప్పుడు రెండు బ్రేకులను మెల్లమెల్లగా పట్టవలయును. ఎక్కుటకు ముందే తేలిక గేరునకు మార్చుకొనుట మేలు; ఎగువ నడుమ మార్చబోయినచో గొలుసు తప్పుకొనును.

ఆ బాటయే లీత్ కొండకు చేర్చును. కొండకొనను 1765 ప్రాంతమున రిచర్డు హల్ అను ధనికుడు ఒక బురుజు కట్టించి, మరణానంతరము దానిక్రిందనే పూడ్పించుకొనెను. బురుజు మెట్లెక్కినవారు వేయియడుగుల యెత్తును దాటుదురు. మేనెలలో ఈ చెట్లక్రింద నీలిగంటలవంటి పూలు నేలయంతయు కప్పును.

ఈ పల్లెలవారి మొరను కూడ చెప్పక తప్పదు. 2013 మొదలు 2019 వరకు ఏటేట వేలకొలది బైసికిలువారు లండనునుండి ఈ బాటనే వచ్చు నుత్సవము జరిగినది. ఆ దినమున రోడ్లు మూయుటచే ఊరివారు బండి కదపలేకపోయిరి. చూడవచ్చినవారికి వేడుకయైనది ఇల్లుగలవారికి బందెయైనది. 2022లో ఆ యుత్సవము ఎస్సెక్సు జిల్లాకు తరలిపోయెను.

లీత్ కొండ దిగి డోర్కింగ్ పట్టణము దాటినచో మరల సుద్దకొండ, దానిపై పేరుగన్న బాక్స్ కొండ. 1815లో వెలువడిన ‘ఎమ్మా’ నవలలో జేన్ ఆస్టిన్ వనభోజనము పెట్టించినది దీనిమీదనే. బాక్స్ అనునది మిగుల నెమ్మదిగా పెరుగు చెట్టు; దీని చేవ నీట మునుగునంత బరువు. పూర్వము పుస్తకములకు బొమ్మలచ్చులు ఈ కొయ్యతోనే చెక్కెడివారు. పైకి పోవు వంకరబాట సుమారు రెండున్నర కిలోమీటర్లు. నూరడుగుల దూరమునకు ఐదడుగులు మాత్రమే లేచును గనుక, క్రొత్తవారుకూడ తొందరపడకున్నచో దిగకుండ ఎక్కవచ్చును. మలుపు మలుపునకు లోయ యింకొంచెము తెరచుకొనుచుండును.

ఒలింపిక్ క్రీడలలో పురుషులకు రోడ్డుపందెము 1896లోనే పెట్టిరి. స్త్రీలకు 1984 వరకు లేదు. 2012లో ఈ బాటమీదుగ పందెములు జరిగినప్పుడు సయితము పురుషులచే తొమ్మిదిమారులు, స్త్రీలచే రెండుమారులు మాత్రమే కొండ నెక్కించిరి. జూలై 29వ తేదీన కుండపోత వానలో స్త్రీలు 140 కిలోమీటర్లు తొక్కగా, డచ్చివనిత మేరియాన్ వోస్ గెలిచెను. రెండవదిగా వచ్చిన లిజీ ఆర్మిట్‌స్టెడ్ ఆ క్రీడలలో బ్రిటనుకు మొదటి పతకమును తెచ్చెను.

కొండపైన తేనీటిశాల యున్నది. బురదకాళ్ళతో, బిగుతు లాగులతో వచ్చిన స్త్రీలు బైసికిళ్ళను కంచెకు జేరవేసి, అందరితోపాటు వరుసలో నిలిచి, తేనీరు పుచ్చుకొని, ఎండగలచోట కూర్చుందురు. దిగిన వెంటనే కొండ మొదట వెస్ట్‌హంబుల్ స్టేషను. బైసికిలుతో సహా రైలెక్కినచో సుమారొక గంటలో లండను చేరవచ్చును.