గుప్పెడు పలుకులు

తెలుగువారి పలకరింపులో అన్నానికి అగ్రస్థానం ఉంది. గడప తొక్కిన అతిథిని కుశలమడగడానికి ముందే భోజనం సంగతి అడుగుతారు. జబ్బుపడి లేచినవాడు నాలుగు మెతుకులు తింటున్నాడంటే కోలుకున్నాడని అర్థం. ఒకరికి ఉద్యోగం పోతే నోటి దగ్గర కూడు పోయిందంటారు. ఆకలి, ఆరోగ్యం, జీవనోపాధి అనే మూడింటినీ ఒకే మాటలో ఇముడ్చుకున్న అన్నాన్ని మానుకోవలసి రావడం ఆ మాటతో పెరిగిన మనిషికి సామాన్యమైన విషయం కాదు. కృష్ణా డెల్టాలో పుట్టినవానికి అది మరీ కష్టం.

ఆ నేలకు ఆకలి జ్ఞాపకం ఉంది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని శ్మశానంగా మార్చింది. అటు తరువాత, 1852లో మొదలై 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువల వెంట నీరు, నీటి వెంట వరి, వరి వెంట నిశ్చింత వచ్చాయి. పల్నాటి జొన్నకూటిని ఈసడించిన చాటువులు శ్రీనాథుని పేర నేటికీ ప్రచారంలో ఉన్నాయంటే, సన్నబియ్యం మీద తెలుగువారి మక్కువ ఎంత పాతదో తెలుస్తుంది. ఆనకట్ట ఆ మక్కువను డెల్టాలో సామాన్యుని కంచం దాకా తెచ్చింది. దంపుడు బియ్యం పోయి మరబియ్యం వచ్చింది. ఆ తరువాత నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, నడక పోయి మోటారు సైకిలు వచ్చింది. శ్రమ తగ్గినా అన్నపు రాశి మాత్రం తగ్గలేదు.

ఫలితం ఇంటింటా కనిపిస్తూనే ఉంది. భారతదేశంలో దాదాపు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. అన్నం, రొట్టె, చక్కెర వంటి పిండిపదార్థాలను తగ్గించి దేహభారాన్ని తగ్గించుకొనే ఆలోచన కొత్తది కాదు. 1863లోనే లండనులో విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మానివేసి చిక్కిన తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. తెలుగునాట ఆ ఆలోచనకు 2017-18 ప్రాంతంలో విస్తృత ప్రచారం కల్పించినవారు విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ. అన్నం, గోధుమ, పంచదార, పండ్లు పూర్తిగా మాని, కొబ్బరినూనె వంటి కొవ్వుల మీద ఆధారపడాలనీ, నిమ్మరసం, సమృద్ధిగా నీరు, విటమిన్ మాత్రలు తీసుకోవాలనీ ఆయన సభలలో బోధించారు. వేలాది మంది తరలివచ్చారు. వైద్యులలో పలువురు ఆయన పద్ధతిని తీవ్రంగా విమర్శించారు. ఆ వాదోపవాదాలు టీవీ చర్చలలోనూ, పెళ్లి పందిళ్లలోనూ ఒకే స్థాయిలో సాగాయి.

ఆ రోజులలో సత్యనారాయణపురంలో నివసించే ఒక గణితోపాధ్యాయుడు అన్నం మానివేశాడు. ఆయన స్వగ్రామం అవనిగడ్డకు సమీపంలోని దివిసీమ పల్లె. తండ్రి రైతు. మధుమేహాన్ని లెక్కచేయక, కాలికి తగిలిన చిన్న దెబ్బను చులకన చేసి, చివరకు మోకాలి కింది భాగాన్ని పోగొట్టుకున్నవాడు. మంచం మీదనే ఉండి, గట్టు మీద నడవలేని పాదం కోసం తడుముకొనే ఆ తండ్రి చేయి కుమారుని కళ్లలో నిలిచిపోయింది. తనకు యాభై మూడవ ఏట మూడు నెలల సగటు చక్కెర 8.9 అని తేలినప్పుడు ఆయనకు భయం వేసింది. పిండిపదార్థాలు హఠాత్తుగా తగ్గిస్తే, వేసుకొనే మాత్రల వల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చునని వైద్యుడు హెచ్చరించి, మందుల మోతాదు సరిచేసిన మీదటనే ఆయన ఈ దీక్ష ప్రారంభించాడు.

మొదటి నాలుగు నెలలు దీక్ష నిర్విఘ్నంగా సాగింది. పదకొండు కిలోల బరువు తగ్గింది. సగటు చక్కెర 6.7కు దిగింది. సహోపాధ్యాయులు ఆశ్చర్యపోయారు. ఆ సమయంలోనే మనుమరాలి అన్నప్రాశన వచ్చింది. మేనమామ తినిపించిన పిదప తాతగారి వంతు. వెండి గిన్నెలోని పరమాన్నాన్ని ఉంగరంతో తీసి ఆయన పాప పెదవులకు తాకించాడు. పాప చప్పరించింది. అందరూ నవ్వారు. తన వేలికి అంటిన మెతుకును ఆయన ఎవరూ చూడకుండా రుమాలుతో తుడుచుకున్నాడు. ఒక తరానికి అన్నాన్ని పరిచయం చేస్తూ తాను దాని నుండి వైదొలగడం ఆయనకు వింతగా తోచింది. అయినా ఆనాడు ఆయన ఓడిపోలేదు. బూరెలు, పులిహోర, పరమాన్నం వరుసగా ఎదుట నిలిచినా చేయి చాచలేదు.

ఆయన ఓడింది నిషిద్ధమైన వస్తువు చేతిలో కాదు, అనుమతించిన వస్తువు చేతిలో. దీక్షలో బాదం పలుకులు తినవచ్చును. రోజుకు పది. కాళేశ్వరరావు మార్కెట్టు నుండి తెచ్చిన పలుకులను ఇల్లాలు నేతిలో వేయించి, కాసింత ఉప్పూ కారమూ చల్లి సీసాలో పోసేది. రాత్రి ఎనిమిది గంటలకు జవాబు పత్రాలు దిద్దుతూ ఆయన సీసా మూత తీసేవాడు. పది పూర్తయ్యాక మరి రెండు. ఇవి అన్నం కాదు గదా అని మరి నాలుగు. పత్రాల దొంతర పూర్తయ్యేసరికి సీసా సగమయ్యేది. ఆకలి ఉండి తిన్నాడా అంటే లేదు. రుచికై తిన్నాడా అంటే ఇరవయ్యో పలుకు తరువాత రుచి తెలియడం లేదు. చేయి దానంతట అది సీసాకూ నోటికీ మధ్య తిరుగుతూ ఉండేది. మూత బిగించి అటక మీద పెట్టాడు. పీట వేసుకొని దించాడు. కొనడం మానివేశాడు. ఆ వారం పనీరు ముక్కలు బాదం స్థానాన్ని ఆక్రమించాయి.

ఒకనాడు నల్లబల్ల మీద శాతాల లెక్కలు చెప్పి వచ్చిన ఆయన తన లెక్క తాను వేసుకున్నాడు. వంద గ్రాముల బాదంలో దాదాపు 580 కెలోరీలు ఉన్నాయి. పావుకిలో పొట్లంలో 1450. అదే వంద గ్రాముల వండిన అన్నంలో సుమారు 130. అంటే ఒక పొట్లం బాదం శక్తిలో కిలోకు మించిన అన్నంతో సమానం. రెండు రోజులకొక పొట్లం ఖాళీ అవుతున్నది. బాదం రక్తంలోని చక్కెరను అన్నంలాగా ఒక్కసారిగా పెంచదు. అందుచేతనే అది నిందపడకుండా తప్పించుకుంది. కాని అదనపు శక్తి ఎక్కడికీ పోదు. తగ్గిన బరువులో ఐదు కిలోలు తిరిగి వచ్చాయి. దీక్ష ఎలాగూ చెడిందన్న నిస్పృహతో సంక్రాంతికి అరిసెలూ తిన్నాడు. సగటు చక్కెర 7.6కు చేరింది. నివేదిక చేతికి వచ్చిన సాయంకాలం ఆయన తండ్రిని తలచుకొని చాలాసేపు మాట్లాడలేదు.

వైద్యుడు ఆయనను మందలించలేదు. "మాస్టారూ, ఇది మీ సంకల్పబలానికి పెట్టిన పరీక్ష అనుకోకండి. ఉప్పూ కొవ్వూ కరకరా కలిసినచోట నాలుక తృప్తిని ఆలస్యంగా గుర్తిస్తుంది" అన్నాడు. కడుపు నిండిన వార్త మెదడుకు చేరడానికి ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. తృప్తిని తెలిపే లెప్టిన్ అనే హార్మోను 1994లోనూ, ఆకలిని రేపే గ్రెలిన్ 1999లోనూ శాస్త్రజ్ఞులకు తెలిశాయి. దేహభారం తగ్గినప్పుడు మొదటిది క్షీణించి రెండవది పెరుగుతుంది. కరువును తప్పించుకోవడానికి ప్రకృతి దేహానికిచ్చిన రక్షణ అది. నందన కరువులో ప్రాణం నిలిపిన ఆ గుణమే, నిండిన సీసా ఎదుట శత్రువుగా మారుతుంది.

వైద్యుడు దేహధర్మం చెప్పాడు. అసలు సూత్రం ఇల్లాలి నోట వెలువడింది. "ఏమండీ, అన్నం తినే రోజుల్లో మీరు పెరుగన్నం తిన్నాక మళ్లీ పప్పు కలుపుకున్నారా?" అని ఆమె అడిగింది. ఆయన ఆలోచనలో పడ్డాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అలా జరగలేదు. తెలుగువారి భోజనానికి ఒక వ్యాకరణం ఉంది. పప్పుతో ఆరంభమై, కూర, పచ్చడి, పులుసు, చారు దాటి పెరుగుతో ముగుస్తుంది. పెరుగన్నం ఆ వాక్యానికి పూర్ణవిరామం. విస్తరి మడిచినవాడు మరల తెరవడు. అన్నంతో పాటు ఆయన ఆ పూర్ణవిరామాన్ని కూడా పోగొట్టుకున్నాడు. ముక్కలు, పలుకులు, తునకలు మిగిలాయి. వాటికి ఆది లేదు, అంతం లేదు. ఎక్కడ ఆగాలో చెప్పని భోజనంలో మనిషి ఆగకపోవడం సహజమే.

మన పూర్వులు ఈ సంగతిని గుర్తించకపోలేదు. 'పథ్యం' అనే మాట 'పథం' నుండి పుట్టింది. దేహమార్గాలకు హాని చేయనిదీ, మనస్సుకు ప్రియమైనదీ పథ్యమని చరకసంహిత నిర్వచించింది. రెండవ లక్షణాన్ని మనం తరచుగా మరచిపోతాము. చేదుగా, కఠినంగా ఉన్నదే పథ్యమని భ్రమపడతాము. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని వర్ణిస్తూ, వానకాలానికొక భోజనం, వేసవికొకటి, చలికాలానికొకటి చొప్పున ఏర్పరచాడు. అది వంటకాల పట్టిక మాత్రమే కాదు. ఏది, ఎప్పుడు, ఎవరికి తగినదో ఎరిగి వడ్డించే వివేకం.

ఉపాధ్యాయుడు తన పథ్యాన్ని తిరిగి కట్టుకున్నాడు. కఠోరదీక్షను వదలి, వైద్యుని సలహాతో చిన్న గిన్నెడు దంపుడు బియ్యపు అన్నాన్ని మధ్యాహ్నానికి మాత్రం ఉంచుకున్నాడు. కంచంలో సగం కూరలు. రాత్రి అన్నం లేదు గాని, కూర, గుడ్డు, పులుసు వరుసగా కూర్చొని తిని, చివర ఒక గ్లాసు పలుచని మజ్జిగ తాగుతాడు. ఆ మజ్జిగతో వంటిల్లు మూతపడినట్లే. బాదం సీసా స్థానంలో ఉడికించిన వేరుశనగకాయలు వచ్చాయి, అవీ ఒక గిన్నె మాత్రమే. ఒక్కొక్క కాయా ఒలుచుకోవలసి రావడం వల్ల నోటికన్న చేయి వెనుకబడుతుంది. ఆ జాప్యంలో తృప్తి అనే వార్తకు మెదడును చేరే వ్యవధి దొరుకుతుంది. జవాబు పత్రాలు దిద్దేచోట తినే వస్తువేదీ ఉండరాదని ఒక నియమం పెట్టుకున్నాడు.

దీనితో అంతా చక్కబడిందని చెప్పడం సత్యం కాదు. పెళ్లిళ్ల కాలంలో వేయించిన జీడిపప్పు కనబడితే చేయి జారుతుంది. బందరు లడ్డు కానుకగా వస్తే ఒక రాత్రి నియమం భంగపడుతుంది. అయితే భంగపడిన మరునాడు ఆయన అరిసెల దాకా వెళ్లడం లేదు. ఒక లెక్క తప్పితే పుస్తకం చింపివేయకూడదని పిల్లలకు చెప్పే మాటను తనకూ అన్వయించుకున్నాడు. ఏడాది తరువాత సగటు చక్కెర 7 వద్ద నిలిచింది. అది అద్భుతం కాదు. కాని ప్రతి రాత్రీ పడుకొనే ముందు తన రెండు పాదాలను దీపపు వెలుగులో పరిశీలించుకొనే అలవాటున్న మనిషికి ఆ అంకె చిన్నది కాదు.

ఆనకట్ట నదిని ఎండగట్టదు. వరద వచ్చినప్పుడు గేట్లు ఎత్తుతుంది, అవసరమైనప్పుడు దించుతుంది, కాలువలకు వాటి వాటి వంతు నీరు పంచుతుంది. కోరిక విషయంలోనూ మనిషి చేయగలిగింది ఇంతే. ఆకలిని శత్రువుగా భావించినవాడు దానితో యుద్ధం చేసి అలసిపోతాడు. దానికి వేళనూ, వరుసనూ, ముగింపునూ ఏర్పరచినవాడు దానితో కలిసి జీవిస్తాడు. యౌవనంలో దేహం చాలా తప్పులను క్షమిస్తుంది. అందుచేతనే తినడం ఎక్కడ ఆపాలో తెలుసుకొనే విద్యను ఆ వయస్సులోనే అభ్యసించడం మేలు. ఎందుకంటే అక్కరకు వచ్చే నాటికి ఆ విద్య అలవాటై ఉండాలి.