మూడు గడుల నోటుబుక్కు

మాది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, పియుసిలో సైన్సు తీసుకున్నాక ఇంగ్లీషు. హోసూరు, బళ్ళారి వైపు పాఠకులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఒకే వస్తువుకు ఇంట్లో ఒక పేరు, వీధి దాటితే ఇంకో పేరు. పదిహేడేళ్ళు అది నాకొక ఇబ్బందిగా తోచనే లేదు. పశువైద్యం చదవాలని పట్టుపట్టినప్పుడు తోచింది.

2013లో రెండవ పియుసి పాసై సిఇటి రాశాను. సీటు రాలేదు. "ఆడపిల్లకు గొడ్ల డాక్టరు చదువెందుకురా, టీచరు ట్రైనింగు చేయించు" అని మా మేనత్త నాయనకు చెప్పింది. నాయన అవుననలేదు, కాదనలేదు. నేను కోలారులో బి.ఎస్.సి.లో చేరి, బస్సులో పోయి వస్తూ, మరోసారి సిఇటికి చదవడం మొదలుపెట్టాను. నా పియుసి మార్కులు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. మారేది సిఇటి మార్కు ఒకటి. ఇంకొకటి ప్రాక్టికల్.

ఆ ప్రాక్టికల్ సంగతి కొంచెం చెప్పాలి. కర్ణాటకలో వ్యవసాయ, పశువైద్య కోర్సుల్లో రైతుబిడ్డలకు విడిగా ఒక కోటా ఉంది. అందులో సీటు కావాలంటే సిఇటితో పాటు ప్రాక్టికల్ పరీక్ష కూడా ఇవ్వాలి. గింజలు, పనిముట్లు, ఎరువులు, మేతలు ఎదురుగా పెడతారు. అదేమిటో గుర్తుపట్టాలి. మొదటిసారి నేను ఆ కోటాలో లేను. కావలసిన సర్టిఫికెట్టు చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ కాగితం ఏ బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుందో రాయబోతే ఈ వ్యాసం దానికే సరిపోతుంది.

రెండోసారి కాగితాలన్నీ ముందే సిద్ధం చేసుకున్నాం. ఇక ప్రాక్టికల్‌కు భయమేముంది, పుట్టిందే పొలంలో కదా అనుకున్నాను. ఊళ్ళో ఒక సీనియర్ పాత ప్రశ్నలు కొన్ని చెప్పాడు. కన్నడంలో "కూరిగె" అన్నాడు. అదేమిటో తెలియలేదు. ఇంటికొచ్చి అడిగితే నాయన కొట్టం వైపు చెయ్యి చూపించాడు. మా గొర్రే! ఏటా విత్తనం వేసే గొర్రు. బడి పుస్తకాల కన్నడం నాకు బాగా వచ్చు. పొలం కన్నడం రాదు. పొలమంతా నాకు తెలుగులోనే తెలుసు.

ఆ రాత్రే ఒక నోటుబుక్కు తీసి పేజీకి మూడు గడులు గీశాను. మొదటి గడి తెలుగు, రెండోది కన్నడం, మూడోది ఇంగ్లీషు. మొదటి గడి నింపే పని అవ్వది. అవ్వకు చదువు రాదు. "ఏం మే, మనకు తెలిసినవే రాసుకునేదానికి బుక్కెందుకు?" అని నవ్వి, మరుసటి రోజు నుంచి తానే వెంటబడింది. పొయ్యి దగ్గర కూర్చుని, "ఉలవలు రాసుకుంటివా? అనుములు? కొర్రలు?" అని ఒక్కొక్కటీ గుర్తుచేసేది. ఉలవలు హురుళి, అనుములు అవరె, కందులు తొగరి, ఆముదం హరళు. కన్నడం గడికి మా ఊరి పశువుల ఆసుపత్రి ఇన్‌స్పెక్టరు గారు సాయం చేశారు. వారిది తుమకూరు వైపు. మేతగడ్డి లూసర్న్‌ను కన్నడంలో "కుదురెమసాలె" అంటారని, అంటే గుర్రపు మసాలా అని ఆయన చెబితే అవ్వ అరగంట నవ్వింది.

రాగి చేను గట్ల వెంట మేము వేసే వెర్రినువ్వుల దగ్గర ఒక తమాషా జరిగింది. కన్నడంలో దాని పేరు "హుచ్చెళ్ళు". హుచ్చు అంటే వెర్రి, ఎళ్ళు అంటే నువ్వులు. రెండు భాషలవాళ్ళూ ఆ పాపం గింజకు ఒకే బిరుదిచ్చారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం నైజర్ అని ఊరుకున్నారు.

ఆ ఏడు ఆగస్టు దాటాక కోలారు, చిక్కబళ్ళాపురం వైపు గాలికుంటు వచ్చింది. 2013 నాటి ఆ రోగం కర్ణాటకలో వేలకొద్దీ పశువులను తీసుకుపోయింది. ఈ పత్రిక చదివే మా వైపువాళ్ళు ఎవరూ మరిచి ఉండరు. మాకు రెండు సీమ ఆవులు, ఒక పెయ్యదూడ. సీమ ఆవులకే ఆ రోగం గట్టిగా తగులుతుంది. ఒక ఉదయం పెద్దావు నోటినుంచి తీగలు తీగలుగా చొంగ కారుస్తూ, కాళ్ళు మార్చి మార్చి నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి "కాలుబాయి" అన్నారు. పర్మాంగనేటు నీళ్ళతో నోరు కడిగి, రాగిపిండి తేనెలో కలిపి నాలుక మీద పూశాం. గిట్టల మధ్య పుండ్లకు మందు వేసి, బురద తగలకుండా ఇసుక పరిచాం. నేను పది రోజులు కాలేజీకి పోలేదు.

ఆవులు బతికాయి. దూడ బతకలేదు. దాని నోట్లో పుండు కూడా లేదు. సాయంత్రం తల్లి దగ్గర పొదుగు అందుకుని, ఉన్నట్టుండి కూలిపోయింది. నాయన దాన్ని భుజాన వేసుకుని చేను వైపు పోయాడు. గుంతలో సున్నం వేసి పూడ్చాలని ఇన్‌స్పెక్టరు గారు చెప్పి ఉంటే, సున్నం బకెట్టు పట్టుకుని నేనూ వెనకే పోయాను.

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను. గాలికుంటు, కాలుబాయి, ఫుట్ అండ్ మౌత్. కన్నడమూ ఇంగ్లీషూ కాలినీ నోటినీ చెబుతున్నాయి. మన పేరులో నోరు లేదు, గాలి ఉంది. ఆ రోగపు వైరస్ గాలిలో కూడా పోగలదని కొన్నాళ్ళకు కాలేజీ లైబ్రరీలో చదివాను. అవ్వకు చెబితే "పేరులోనే ఉండాది కదా మే" అంది. అప్పటినుంచి రోగాల పేర్లు వరసగా అడిగాను. జబ్బవాపు, గొంతువాపు, పొదుగువాపు. గొర్రెలకు వచ్చే చిటుక రోగం: చిటికె వేసేంతలో పోతుంది కాబట్టి ఆ పేరని అవ్వ లెక్క. తొలివానకు మొలిచిన పచ్చిక బాగా మేసిన, మందలో బలంగా ఉన్న పిల్లే ముందు పోతుందని కూడా చెప్పింది. తరవాత నేను చదివిన పుస్తకంలోనూ అదే ఉంది. కాకపోతే అక్కడ ఆ మాట చెప్పడానికి రెండు పేజీలు పట్టింది.

రోగం పోయినా పాలు తిరిగి రాలేదు. పూటకు ఎనిమిది లీటర్లిచ్చే ఆవు రెండుకు దిగింది. ఎండ పడితే చాలు నాలుక బయటపెట్టి రొప్పేది, ఒంటిమీద వెంట్రుకలు పెరిగిపోయాయి. డెయిరీలో పదిహేను రోజుల బిల్లు చూసి నాయన కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు. బెంగుళూరులో రెండు నెలల కోచింగుకు అనుకున్న డబ్బు దాణాకూ మందులకూ పోయింది. పైగా ఆ ఏడే రెండవ పియుసి పాఠాలు మారాయి, నా పాత పుస్తకాలు సిఇటికి చాలవు. జూనియరు అమ్మాయి ఒకతె రాత్రి చదువుకుని పొద్దున బస్సులో పుస్తకం ఇచ్చేది. సాయంత్రం తిరుగు బస్సులో తిరిగి ఇచ్చేసేదాన్ని. ఫిజిక్సు సగం అలా కోలారు బస్సులోనే చదివాను. మెడిసిన్ రాక పశువైద్యానికి పోతున్నానని కాలేజీలో కొందరు అనుకునేవారు. దూడ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"ఆవును అమ్మేద్దామా?" అని నాయన ఒకసారి అమ్మను అడగడం విన్నాను. అమ్మ "రొప్పే ఆవును ఎవరు కొంటారు?" అంది. ఆ ఆవు అలా నిలిచిపోయింది.

2014లో ప్రాక్టికల్ బెంగుళూరులో జరిగింది. నాయన తోడు వచ్చాడు, గేటు బయట చెట్టు కింద కూర్చున్నాడు. ప్రశ్నలు కన్నడంలో, ఇంగ్లీషులో. లోపల బల్లల మీద గిన్నెల్లో గింజలు. చేతిలోకి తీసుకోనివ్వరు, కళ్ళతోనే చూడాలి. ఒక గిన్నెలో నల్లగా, సన్నగా మెరుస్తూ వెర్రినువ్వులు కనిపించాయి. నవ్వు ఆపుకోలేక పక్కనున్న అబ్బాయి చేత వింతగా చూపించుకున్నాను. మలెనాడు వైపు పంటలు మాత్రం తడబెట్టాయి. మా ఊళ్ళో వక్క అంటే తాంబూలంలో ముక్కే. తొక్కతో ఉన్న కాయను నేను అంతవరకు చూడలేదు. బయటకొచ్చాక నాయన "గొర్రు పెట్టినారా?" అని అడిగాడు. పెట్టలేదు. ఆయనకు చాలా నిరాశ కలిగింది.

సీటు బీదరులో వచ్చింది. అక్కడ నాలుగు భాషలు వినిపిస్తాయి: కన్నడం, ఉర్దూ, మరాఠీ, జహీరాబాదు వైపునుంచి మన తెలుగు. పోస్టుమార్టం పాఠంలో గాలికుంటుతో పోయిన దూడ గుండె బొమ్మ చూపించారు. కండరం మీద పులిచారల్లాంటి తెల్లటి గీతలు. దాన్ని టైగర్ హార్ట్ అంటారట. నోట్లో పుండు లేకుండా మా దూడ ఎందుకు కూలిందో అప్పుడు తెలిసింది. హాస్టలుకొచ్చి మూడో గడిలో రాసుకున్నాను. మొదటి రెండు గడులూ ఖాళీగా వదిలేశాను. సెలవులకు పోయి అవ్వనడిగితే, "గుండె కోసి చూసిందెవరు మే? మాకు పేరు లేదు" అంది.

అవ్వ 2019లో పోయింది. ఇప్పుడు నేను ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ నోటుబుక్కు సంచిలోనే ఉంటుంది, అట్ట రెండుసార్లు మార్చాను. చివరి పేజీలో అవ్వ మాట ఒకటి ఉంది. జ్వరం లేకుండా, నొప్పి లేకుండా ఆవు ఊరికే మేత మానేస్తే "మేతకు అలిగింది" అనేది. రెండో గడిలో ఇన్‌స్పెక్టరు గారు "మేవు బిట్టిదె" అని రాయించారు. మూడో గడిలో చదువుకునే రోజుల్లో అనొరెక్సియా అని రాసి, ఎందుకో కొట్టేశాను. పోయిన వారం ఒక రైతు ఫోను చేసి, "అమ్మా, ఆవు మేతకు అలిగిందమ్మా" అన్నాడు. బండి తీసుకుని బయలుదేరాను.