పలకల సీమలో ఆఱవ తరగతి

మార్కాపురము పలకలకు పెట్టినది పేరు. ఆ చుట్టుపట్ల భూమిలో దొరకు నల్లరాతిని పొరలుగా చీల్చి, అంచులు దిద్ది, కొయ్యచట్రము బిగించి పంపగా ఎన్ని యూళ్ల పిల్లలో వానిపై ఓనమాలు దిద్దుకొనిరి. ఇది మా ప్రాంతమువారు గర్వముతో చెప్పుకొను మాటయే. కాని దాని వెనుక మఱియొక మాట కలదు. 1987వ సంవత్సరమున భారత ప్రభుత్వమువారు బాలకార్మికులను గుఱించి జాతీయ విధానమును ప్రకటించి, పసిపిల్లలు పనిలో నలుగుచున్న కొన్ని పరిశ్రమలను ఏర్పఱచి, ముందుగా అచ్చట ప్రత్యేక పథకములు పెట్ట నిశ్చయించిరి. శివకాశి అగ్గిపుల్లలు, ఫిరోజాబాదు గాజుసామాను, మొరాదాబాదు ఇత్తడిపాత్రలు, వీనితోబాటు మార్కాపురము పలకలును ఆ పట్టికలో నుండెను. ఊరివారి బిడ్డలకు పలకలు చేసియిచ్చిన చిన్నచేతులకు తాము పలక పట్టు తీరిక లేకపోయెనన్నమాట.

మేము రాచర్లవారము. గిద్దలూరునకు చేరువనుండి నల్లమలను చూచుచు బ్రతుకువారము. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు ఈ సీమ కర్నూలు జిల్లాలోనిది. వాన కురిసిన పంట, కురియనినాడు వలస. పలకల పని మాట యటుండ, బిడ్డను బడి మాన్పించు పనులు మా యిండ్లలోనే కావలసినన్ని కలవు. అయిదవ తరగతివఱకు చిక్కు లేదు. బడి వీధిచివరనే యుండును. చంకలోని తమ్ముని దింపి పోవచ్చును, గంట కొట్టగనే పరుగెత్తి రావచ్చును. ఆఱవ తరగతికి పెద్దబడికి పోవలెను. కొన్ని పల్లెలకు అది పొరుగూర నుండును. ఆ యేటనే పిల్ల పొడవగును. చీపురు, బిందె, మేకలు ఆమె చేతికి వచ్చును. "ఎదిగిన పిల్లను అంత దూరమెట్లు పంపుదుము?" అను ప్రశ్నయు ఆ యేటనే పుట్టును. సంక్రాంతి దాటగానే గుంటూరు సీమకు మిరపకోతలకు పోవు సంసారములు బిడ్డలనుగూడ వెంటబెట్టుకొని పోవును. ఎండలు ముదిరి తిరిగివచ్చునప్పటికి పాఠము లెక్కడనో యుండును. మా సీమలో ఆడపిల్ల చదువు ఎక్కువగా తెగునది పదవ తరగతి పరీక్షలో గాదు, ఈ మలుపులోనేయని మా యభిప్రాయము.

ఈ మలుపు కడ కాపుండవలసినదెవరు? ఉపాధ్యాయునికి కనబడునది ఖాళీ చోటు మాత్రమే. పిల్ల యేల రాలేదో అతనికి తెలియదు. తల్లికి కారణము తెలియును గాని దానికి విరుగుడు కలదని తెలియదు. వలసపోవువారి బిడ్డలను ఆ నెలలలో ఊరనే యుంచి అన్నముపెట్టు తాత్కాలిక వసతిగృహముల పద్ధతి యొకటి కలదనియు, 2004లో ఆరంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములలో ఆఱవ తరగతినుండి ఆడపిల్లలకు బస, భోజనము, చదువు ఉచితముగా దొరకుననియు ఎందఱు తల్లులు విన్నారు? ఇటు మాట అటును, అటు మాట ఇటును చేర్చువారు నడుమ నుండవలెను.

చట్టము ఈ సంగతి నెఱుగకపోలేదు. పాఠశాలల నిర్వహణలో ప్రజలకు పాలు కల్పించుచు 1998లోనే మన రాష్ట్రమున శాసనము వచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఇంకను ముందునకు పోయినది. పాఠశాల యాజమాన్య సంఘములో ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలుండవలెను. బడి నడక చూచుట, వచ్చిన సొమ్ము ఎట్లు వ్యయమయ్యెనో కనిపెట్టుట, బడి అభివృద్ధికి ప్రణాళిక వ్రాయుట వారి పని. కాగితముపై ఇంతకన్న కోరదగినది లేదు. ఆచరణలో మేము చూచినది వేఱు. ఒకచోట సంఘ సభ్యురాలి యింటికే పుస్తకము వచ్చెను.

"అమ్మా, ఇక్కడొక సంతకం చెయ్యి."

"ఏమిటికి నాయనా?"

"మొన్న మీటింగు జరిగిందిగా, దానికి."

"మొన్ననా? నేను చేనికాడ ఉంటినే!"

"నువ్వు రాకపోయినా నీ పేరుండాలమ్మా."

ఆమె సంతకముపెట్టి మరల పొయ్యికడకు పోయెను.

స్త్రీలకు ఈ వ్యవహారములు చేతకావని యనువారు కలరు. 2019 నవంబరు 14న ఒంగోలులో ఆరంభించిన 'మన బడి నాడు-నేడు' తొలివిడతలో 15,715 పాఠశాలల పనులు తల్లిదండ్రుల సంఘముల ద్వారానే చేయించిరి గదా! ఇల్లు కట్టించుకొన్న ఇల్లాలికి సిమెంటు బస్తాలు లెక్కబెట్టుట యొక బ్రహ్మవిద్యా? 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట ఒకేనాడు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను సమావేశపఱచిరి. మంచి పనియే. ఆనాడు తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు త్రాడులాగు పోటీలు పెట్టిరి. ముగ్గు మాకు పండుగపండుగకు ఉండనే యున్నది. ఆ గంటసేపు హాజరుపట్టీ మా చేతికిచ్చి చదువుమనియుండిన ఇంకను సంతోషించియుందుము.

తల్లులు బడిలో లేరనుటయు సరి కాదు. 2003 జనవరినుండి రాష్ట్రమంతట నడచుచున్న మధ్యాహ్న భోజనమును వండుచున్నది ఊరి స్త్రీలే. గోదావరి లంకలలో ఆకలిగొన్నవారికి లేదనక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఆ పథకమునకు పెట్టిరి. వంటచేయు అమ్మకు తెలిసినంత సంఘాధ్యక్షునికి తెలియదు. సోమవారమున ఏ పిల్ల రెండుమాఱులు అన్నమడుగునో, ఏ పిల్ల తన గ్రుడ్డును పావడకొంగున దాచి చెల్లెలికి కొనిపోవునో, ఏ పిల్ల పది దినములనుండి పంక్తిలో లేదో ఆమెనడిగిన చెప్పును. ఆమెను సమావేశమునకు పిలిచి అడిగినవారిని మేమింతవఱకు చూడలేదు.

ఇక స్వచ్ఛందముగా పనిచేయువారి సంగతి. రంగారెడ్డి జిల్లా గ్రామములలో 1991 నుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు చేసిన పని తెలిసికొనదగినది. వారి సేవకులు ఎక్కడనుండియో వచ్చినవారు కారు, ఆ యూళ్ల యువతీయువకులే. ఇంటింటికి పోయి, తల్లిదండ్రులను నిందింపక మాటలాడి, పని మాన్పించిన పిల్లలకు కొన్ని నెలలు శిబిరములలో చదువు చెప్పి, ఈడునకు తగిన తరగతిలో చేర్చుట వారి పద్ధతి. పేదవారికి బిడ్డల చదువుపై ఆశ లేదనుట ఎంత యబద్ధమో వారి పని వలన తేలినది. దానికి నాయకురాలైన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది.

మా పల్లెలలో డిగ్రీ చదివి కోడండ్రై వచ్చినవారు ఉన్నారు. పింఛను పుచ్చుకొని అరుగులపై కూర్చుండు ఉపాధ్యాయులును ఉన్నారు. సాయంకాలము ఒక గంట లెక్కలు చెప్పుట వారికి భారము కాదు. ఒక్క జాగ్రత్త మాత్రము కావలెను. ఉపాధ్యాయుని నియమింపవలసిన చోట, ఊరక దొరకినదిగదా యని ఈ కోడలిని కూర్చుండబెట్టిన సంఘము ఒప్పుకొనరాదు. ఆమె పని బడి వెలుపల, ఇంటికిని బడికిని నడుమ.

ఇందులకు పెద్ద సభ లక్కఱలేదు. ఏప్రిలులో సెలవు లిచ్చుటకు ముందు అయిదవ తరగతి ముగించు ఆడపిల్లల పేర్లు పంతులుగారు వ్రాసియిచ్చిన చాలును. జూనులో బడి తెఱచులోగా సంఘములోని తల్లి యొకతె, చదువుకొన్న కోడలొకతె కలిసి ఆ యిండ్లకు పోవలెను. మా వీధిలో అట్టి పిల్లలు నలుగురు. ముగ్గురి తల్లులు పంపుదుమనిరి. నాలుగవ పిల్ల తల్లిదండ్రులు కోతలకు పోయి యింకను రాలేదు. పిల్ల నాయనమ్మకడ నున్నది. ముసలమ్మకు చూపానదు, నీళ్లు తెచ్చువారు వేఱెవరును లేరు. ఆ బిందె సంగతి తేలినగాని ఈ పిల్ల బడి సంగతి తేలదు. ఉదయము రెండు బిందెలు తాను పోయుదునని ప్రక్కయింటి కోడలు మాట యిచ్చినది. నాయనమ్మ మాత్రము, "వారం చూసి చెప్తాలే అమ్మా" అనినది.