పిల్లలకు చెప్పని పయనము

నదీతీరమున పుట్టిన బిడ్డలకు నదిని వేరుగా పరిచయము చేయవలెనా యని సోదరీమణులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి. కాని ఒకనాటి సాయంకాలము బస్సు వంతెన మీదుగా పోవుచుండగా, మా ఆరేండ్ల చిన్నవాడు కిటికీలోనుండి గౌతమిని చూచుచు, "ఈ నీళ్లమీద కూర్చుంటే ఎలా ఉంటుందమ్మా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. మా యింట అయిదుగురు పిల్లలున్నారు. పెద్దదానికి పదమూడేండ్లు. అందరును జొన్నాడలో పెరిగినవారే. వారిలో ఒక్కరైనను అంతవరకు పడవ యెక్కి యెరుగరు.

మేమనగా ఈ యింటి కోడండ్రమిద్దరము. మా జొన్నాడ గౌతమి ఎడమగట్టున నున్నది. ధవళేశ్వరముకడ గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పెద్దపాయలుగా చీలును. ఆ రెంటి నడుమ సముద్రమువరకు పరచుకొన్న పచ్చనినేలయే కోనసీమ. మా యూరికడ వంతెన యెక్కి ఆవలిగట్టున రావులపాలెములో దిగినచో కోనసీమలో అడుగిడినట్లే. అరటిగెలల లారీలును, కొబ్బరికాయల బండ్లును రేయింబవళ్లు మా వాకిటి ముందునుండియే పోవుచుండును. కోనసీమకు మేము గుమ్మములోనివారము.

పూర్వము ఈ సీమలో నీరే బాట. సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరపు ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన పిదప, త్రవ్వించిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నిచ్చినవి. ధాన్యము పడవపై పోయెడిది. పెండ్లివారు పడవపై వచ్చెడివారు. రోడ్లును వంతెనలును వచ్చి ఎంతో మేలు చేసినవి. ప్రసవవేదన పడు స్త్రీని అర్ధరాత్రి రేవుకడ కూర్చుండబెట్టి పడవకై కేకలు వేయవలసిన అగత్యము తప్పినది. అయితే గోదావరి మన పిల్లలకు కిటికీలోని బొమ్మ యైపోయినది.

కావున ఈసారి పిల్లలను నీటిపై త్రిప్పవలెననియు, ముందుగా చెప్పక వారిని ఆశ్చర్యపరుపవలెననియు మేమిద్దరము నిశ్చయించుకొంటిమి. విశాఖపట్టణములో 2023వ సంవత్సరమున పెద్ద ఓడలకై క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనదని పత్రికలలో చదివియుంటిమి. ఆ ఓడప్రయాణము మా బోటి సంసారులకు అందని పండు. పాపికొండల లాంచీ మాత్రము ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగివచ్చునది. మా మగవారికి ఒక్క ఆదివారము చాలును. వరద తగ్గి నీరు నిలుకడగానుండు మార్గశిరమునందు పోవుదమని అనుకొంటిమి.

రహస్యము దాచుట ఎంత కష్టమో అప్పుడు తెలిసినది. పండుగ లేనిదే జంతికలు వండినచో పిల్లలకు అనుమానము. ఆత్రేయపురపు పూతరేకుల డబ్బాను బియ్యపు డ్రమ్ము వెనుక దాచినచో చీమలు దారి చూపినవి. రాజమహేంద్రవరములో పెండ్లి యున్నదని ఒక బొంకు బొంకితిమి. వెంటనే రెండవపిల్ల పెండ్లికి కొత్త పరికిణీ కావలెనని పేచీ పెట్టెను. లేని పెండ్లికి పరికిణీ కుట్టింపవలసివచ్చెనుగదా యని మేము వంటయింటిలో నవ్వుకొంటిమి.

ఆ నవ్వు వారముదినములు నిలువలేదు. ఒకనాటి రాత్రి మా అత్తగారు మమ్ముల నిద్దరిని పిలిచి, "ఏమర్రా, పెద్దపిల్ల రెండు రాత్రులనుంచి నిద్రపోవడం లేదు, మీరు చూశారా?" అని అడిగిరి. మేము చూడలేదు. టిక్కెట్ల సంగతి వచ్చిన సెల్ ఫోను దాని కంటబడినదట. చెల్లెండ్రకును తమ్ములకును చెప్పక, నాయనమ్మ ప్రక్కలో పండుకొని, "పాపికొండలకేనా? ఆ బోటు మునిగిన చోటికేనా?" అని ఏడ్చినదట.

ఆ పిల్ల యడిగినది కచ్చులూరు సంగతి. 2019 సెప్టెంబరు 15వ తేదీ, ఆదివారము నాడు, గోదావరి వరదమీద నుండగా దేవీపట్నము మండలములోని కచ్చులూరువద్ద విహారమునకు పోవుచున్న బోటు బోల్తాపడి 51 మంది ప్రాణములు కోల్పోయిరి. ఒడ్డునున్న గిరిజనులు తమ చిన్నపడవలపై పరుగెత్తి 26 మందిని కాపాడిరి. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందమువారు అక్టోబరు 22వ తేదీన గాని పైకి లాగలేకపోయిరి. అన్నాళ్లును మన యిండ్లలో టెలివిజను ఆ నీటినే చూపుచుండెను. మా పెద్దపిల్ల అప్పటికి పసిది, చూచుచున్నదని మేమెరుగము.

మా అత్తగారు కొంతతడవు మాటలాడక, పిదప మేమెన్నడును వినని సంగతి చెప్పిరి. ఆమె పుట్టినిల్లు ఒక లంకగ్రామము. ఆమెకు ఎనిమిదేండ్ల తమ్ముడుండెను. ఒక వానకాలమున తిరుణాలకు పోవుచు పడవలో మోయదగిన దానికంటె ఎక్కువమంది ఎక్కిరట. పిల్లలకు తిరుణాల సంగతియే చెప్పిరిగాని పడవసంగతి చెప్పినవారు లేరు. నడియేటిలో ఏదో కొట్టుకొనిపోవుచుండగా చూడవలెనని పిల్లలందరును లేచి ఒకేవైపునకు ఒరిగిరి. పడవ ఒరిగెను. తక్కినవారు ఒడ్డు చేరిరి. ఆ బాలుడు చేరలేదు. అప్పటినుండి ఆమె నీటిపై కాలు పెట్టలేదు. ఈ సంగతి మామగారికి తెలియునట, ఇంకెవ్వరికిని తెలియదు.

"పిల్లలకు మిఠాయి దాచి ఇవ్వవచ్చు. నీళ్లు దాచి ఇవ్వకూడదు. భయపడే పిల్లకి ముందుగా భయపడే వీలుండాలి, అప్పుడే ధైర్యం తెచ్చుకునే వీలుంటుంది," అని ఆమె లోపలికి పోయిరి.

మేము ఆ రాత్రి చాలసేపు వసారాలో కూర్చుంటిమి. మా సంతోషము కొరకే మేము రహస్యము పెట్టుకొంటిమిగాని, దాని బరువు ఆ పిల్ల మోసినది. ప్రయాణము మానుకొందుమా యనియు తలచితిమి. మానుకొన్నచో ఆ పిల్ల భయము ఎప్పటికిని భయముగనే యుండును. గోదావరి గట్టున జీవించువారికి అది తగదు. చివరకు ఒక తీర్మానమునకు వచ్చితిమి: దినమును, చోటును దాచుదము, నీటిని దాచవలదు.

మరునాడు పెద్దపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని కచ్చులూరులో జరిగినది జరిగినట్లు చెప్పితిమి. వరదలో బోటు పోవుట ఎందుకు ప్రమాదమో, ఆ పిదప విహారపు బోట్లు చాలకాలము నిలిచిపోయి 2021లో మరల మొదలైన సంగతియు, బోటు కదలకమునుపు తనిఖీలు పెట్టిన సంగతియు తెలిపితిమి. రావలెనో వద్దో నీవే చెప్పుమంటిమి. అది ఒక పూట ఆలోచించి, "నేను వస్తాను. తమ్ముళ్ల జాకెట్లు నేనే కడతాను," అనెను.

తక్కిన నలుగురితో త్వరలో నీటిపై ప్రయాణము కలదని మాత్రము చెప్పితిమి. నాటినుండి మా పెరడు రేవయ్యెను. రెండు బల్లలు చేర్చి లాంచీ చేసితిమి. తలగడలు కట్టుకొన్నచో జాకెట్లు. సరంగు ఎవరనుకొన్నారు? మా అత్తగారే! కుర్చీలో కూర్చుండి, "ఒకరు లేస్తే ఒకరు కూర్చోవాలి! అందరూ ఒకవైపుకి రాకూడదు! చేయి బయట పెట్టినవాళ్లకి జంతిక లేదు!" అని ఆజ్ఞలిచ్చుచుండిరి. పడవ ఒరుగుటకు కారణమును ఆమె పళ్లెములో నీరు పోసి, కొబ్బరిచిప్పను తేల్చి, అందులో చింతపిక్కలు ఒకవైపునకే పేర్చి చూపిరి. అయిదవ పిక్కకు చిప్ప బోల్తాపడెను. ఆ పాఠము మా పిల్లలు మరువరు.

ఇంతలో మరియొక చిక్కు. మొదట టిక్కెట్లు తీసికొన్నచోట, ఆరేండ్ల పిల్లవానికి సరిపడు జాకెట్టు కలదాయని అడిగితిమి. "చిన్నపిల్లలను ఒళ్లో పెట్టుకోండి, ఏమీ కాదు," అని జవాబు వచ్చినది. బయానా పోయినను సరేయని అవి మానుకొని, చిన్నకొలతల జాకెట్లున్నవని స్పష్టముగా చెప్పినవారివద్ద మరల తీసికొంటిమి. మగవారు కొంచెము గొణిగిరి. మా అత్తగారు ఆ డబ్బు తామిచ్చెదమనిరి, గొణుగుడు ఆగిపోయినది.

ఆ ఆదివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు పిల్లలను లేపితిమి. మంచుపొరలో గౌతమి కనబడలేదు. వంతెనమీది దీపములు మాత్రము వరుసగా మెరయుచుండెను. అద్దెకు తెచ్చిన వ్యానుకడకు పోయి చూతుముగదా, అత్తగారు ముందుగనే కూర్చుండియున్నారు. ఒడిలో పసుపుకుంకుమలు, చేమంతిపూలు. ఆమె వచ్చెదరని మాకెవ్వరికిని తెలియదు. పిల్లలకు మేము తలపెట్టిన ఆశ్చర్యము మాకే కలిగినది.

కడియపులంక పూలతోటల పరిమళము చలిగాలిలో వచ్చుచుండగా రాజమహేంద్రవరము దాటి, నదివెంట ఎగువకు పోతిమి. లాంచీలు పూర్వమువలె దిగువనుండి బయలుదేరుట లేదు. పోలవరము ప్రాజెక్టు కట్టడము అడ్డమగుటచే దానికి ఎగువన గండిపోచమ్మ గుడివద్ద ఎక్కవలసియున్నది. దారిలో ముంపుకై ఖాళీచేసిన ఇండ్లు కనబడినవి. గోడలున్నవి, కప్పులు లేవు. "ఈ ఊరివాళ్లు ఎక్కడికి వెళ్లారు?" అని చిన్నవాడు అడిగెను. దూరముగా కట్టిన కొత్త ఇండ్లకు పోయిరని చెప్పితిమి. "వాళ్లకి గోదావరి కనబడుతుందా?" అని వాడు మరల అడిగెను. మేము మాటలాడలేదు.

అమ్మవారికి దండము పెట్టి రేవునకు దిగితిమి. తనిఖీచేయువారు మనుష్యులను లెక్కించిరి. పెద్దపిల్ల తన మాట ప్రకారము తమ్ముల జాకెట్ల పట్టీలు బిగించి, పిదప నాయనమ్మ జాకెట్టు పట్టీని రెండుమారులు లాగి చూచెను. లాంచీ కదలినప్పుడు అత్తగారు కన్నులు మూసికొనిరి. కొంతసేపటికి తెరచిరి.

రెండుప్రక్కల కొండలు మెల్లమెల్లగా దగ్గరకు వచ్చినవి. మా యూరికడ మైలు వెడల్పున పరచుకొన్నట్లుండు గోదావరి ఇక్కడ రెండుకొండల నడుమ ఒదిగి, ఆకుపచ్చని అద్దమువలె నిశ్శబ్దముగా నున్నది. ఎంత ఇరుకో అంత లోతట. నాసికవద్ద త్ర్యంబకమున పుట్టి, 1465 కిలోమీటర్లు నడచు ఈ తల్లి, తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చునది ఇచ్చటనే. మా పొలములలోని వండలిమన్ను ఈ దారినే వచ్చినదని పిల్లలకు చెప్పితిమి.

కచ్చులూరువద్ద ఎవరో "ఇదే చోటు," అనిరి. పెద్దపిల్ల నాయనమ్మ చేయి పట్టుకొనెను. అత్తగారు కూర్చున్నచోటనే యుండి చేమంతిపూలు ఒక్కొక్కటే నీటిలో విడిచిరి. పోయినవారందరికిని కొన్ని, ఒకటి మాత్రము కొంతసేపు చేతిలో నుంచుకొని విడిచిరి. అది ఎవరికో పెద్దపిల్లకును తెలిసినట్లున్నది, అడుగలేదు.

పేరంటాలపల్లిలో దిగి, శివాలయమును, ప్రక్కన జారు కొండవాగును చూచితిమి. కొండరెడ్ల స్త్రీలు వెదురుతో చేసిన బుట్టలును పూలును అమ్ముచుండిరి. బేరమాడక రెండుబుట్టలు కొంటిమి. తిరుగుప్రయాణమున ఎండ కొండలవెనుకకు జారెను. చిన్నవాడు నాయనమ్మ భుజముపై తల వాల్చి, తాను బస్సులో వేసిన ప్రశ్నకు తానే జవాబు చెప్పెను: "నీళ్లమీద కూర్చుంటే ఉయ్యాలలా ఉందే!"

సోదరీమణులారా! మీరును పిల్లలను నదిపైకి తీసికొనిపోదలచినచో మా అనుభవమును కొంచెము వినుడు. వరదలు తీసిన పిదప, నవంబరునుండి ఫిబ్రవరివరకు అనువైన కాలము. టిక్కెట్టు తీసికొనునపుడే పిల్లల కొలతల జాకెట్లున్నవా యని అడుగుడు, లేవన్నచో మానుకొనుడు. ఎక్కినది మొదలు దిగువరకు జాకెట్టు విప్పనీయవలదు. ఒక్కొక్క చిన్నబిడ్డకు ఒక్కొక్క పెద్దవారిని ఏర్పరచుడు. అందరి బాధ్యత యన్నచో ఎవరిదియు కాదు. ఫోటోలకై ఒకేవైపునకు గుమిగూడనీయకుడు. జనము ఎక్కువైనట్లు తోచినచో సిగ్గుపడక దిగిపొండు. మందులును, మంచినీరును, చలికి దుప్పటులును మరువకుడు. అన్నిటికంటె ముందు మీ యింటి పెద్దలనడుగుడు. ప్రతియింటను గోదావరిని గూర్చి చెప్పని కథ ఒకటి యుండవచ్చును.

ఇంటికి వచ్చుసరికి రాత్రి తొమ్మిదైనది. వంతెన దీపములక్రింద గౌతమి నల్లగా పారుచుండెను. పిల్లలు నిద్రపోయిరి. పెద్దపిల్ల మాత్రము మెలకువగా నుండి, "నాయనమ్మా, వచ్చే ఏడు మీ లంకకి పడవమీద వెళ్దామా?" అని అడిగెను. అత్తగారు, "జాకెట్లుంటే వెళ్దాం," అని లోపలికి నడచిరి. రెండవపిల్ల పరికిణీ ఇంకను పెట్టెలోనే యున్నది. దానికి ఒక పెండ్లి మేము బాకీ.