అంట్లు

మొన్న మా వదిన వస్తూ వస్తూ ఒక పొడి డబ్బా తెచ్చింది. "యాంటీఆక్సిడెంట్లట. పాలల్ల కలిపి తాగిస్తే చిన్నోడు హుషారైతడట. పైసలకు చూడకు, నెలనెలా నేనే కొంటా" అంది. కాదంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. సరే అందామంటే నాకు నోరు రాలేదు.

మా చిన్నోడికి డౌన్ సిండ్రోమ్ అని తెలిసింది 2004లో. అప్పుడు సీడీఎఫ్‌డీ మా నాచారంలోనే ఉండేది. వాడి రక్తం అక్కడే పరీక్ష చేశారు. అందరికీ 46 ఉండే క్రోమోజోములు వీడికి 47. ఇరవై ఒకటోది మూడు ఉన్నాయి. ఆ సంస్థ ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. అటు పోయినప్పుడల్లా నాకు ఆ రిపోర్టే గుర్తొస్తుంది.

వాడు తొందరగా అలసిపోతాడు. థైరాయిడ్, గుండె చూపిస్తూనే ఉన్నాం. చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. మన కణాల్లో వంట చేసేవి మైటోకాండ్రియా. వంటన్నాక అంట్లు తప్పవు కదా! ఆ అంట్లను సాడ్1 అనే ఎంజైమ్ తీసుకెళ్ళి సింకులో వేస్తుంది, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని తోమి నీళ్ళుగా మార్చేవి వేరే ఎంజైములు. సాడ్1 జన్యువు ఉన్నది ఇరవై ఒకటో క్రోమోజోము మీదే. అందుకని వీళ్ళలో సింకులో వేసేవాళ్ళు పెరిగారు, తోమేవాళ్ళు ఆ లెక్కన పెరగలేదు. సింకు నిండిపోతుంది. పొయ్యి కూడా మందగిస్తుంది.

మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తర్వాత అర్థమైంది, ఇక్కడ అసలు చిక్కు ఆ అదనపు క్రోమోజోముతో. అది నేను ఏదో తిన్నందుకో, తిననందుకో వచ్చింది కాదు.

మరి పొడి తాగిస్తే సింకు ఖాళీ అవ్వాలిగా? నేనూ అలాగే ఆశపడ్డాను. బ్రిటన్‌లో 156 మంది పసివాళ్ళతో ఈ పరీక్ష చేశారు. యాంటీఆక్సిడెంట్లు ఏడాదికి పైగా ఇచ్చినా ఎదుగుదలలో, మాటల్లో తేడా రాలేదని 2008లో తేల్చారు.

ఇదంతా వదినకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మరి నేనేం చెయ్యాలె?" అంది.

"ఆ పైసలతో వాడి ఈత ఫీజు కట్టండి వదినా."

ఆ రాత్రి చిన్నోడు రోజూలాగే నా పక్కన నిలబడి గిన్నెలు కడిగాడు. ఒక్కో గిన్నె మూడుసార్లు కడుగుతాడు. వదిన కొంగు దోపుకుని, వాడు ఇచ్చిన గిన్నెలు తుడిచి పెట్టింది.