బయటి గొట్టం సంగతి

లైవ్‌వెల్ అంటే పడవలో చేపల్ని బతికుంచే తొట్టి. దానికి పెద్ద పంపు కావాలంటారు మా ఫ్రెండ్స్. నేనొప్పుకోను.

పంపు నీళ్ళని బలంగా లోపలికి తోస్తుంది. ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి మాత్రం అవి వాటంతటవే జారిపోవాలి. అందుకే మా 14 అడుగుల పడవలో లోపలికి 3/4 అంగుళం, బయటికి 1 1/4 అంగుళాల గొట్టం పెట్టాను. లేకపోతే తొట్టి పొంగి నీళ్ళు పడవలోకే! అందులో మా బుడ్డోడు కూడా ఉంటాడు మరి.

అడుగున ఇంకో డ్రెయిన్ కూడా తప్పదు. జీబ్రా మస్సెల్స్ అనే గుల్లపురుగులు వేరే లేకులకి పాకకుండా, బయల్దేరేముందు తొట్టి ఖాళీ చెయ్యాలని టెక్సస్‌లో 2014 నుంచి రూలు.

సర్వర్లైనా అంతే కదా? వచ్చేదాన్ని అందరూ లెక్కేస్తారు, పోయే దారి ఎవరు చూస్తారు చెప్పండి?